తాళి దగ్గర ఆగిన క్యాసెట్టు

ఉప్పల్ డిపోకు ఎదురు వరుసలో, సైకిల్ షాపుకూ పిండిగిర్నీకీ మధ్య, భూషణం దుకాణం ఎనిమిదడుగుల గది. పైన బోర్డు ఉంది కానీ, దాన్ని చదివి వచ్చినవాళ్ళు తక్కువ. "చిన్న క్యాసెట్టు ఆడే డెక్కు ఎక్కడుంది?" అని అడిగితే రామంతాపూర్ నుంచి ఘట్‌కేసర్ దాకా డెక్కులు బాగుచేసే ఎవరైనా ఆ గదినే చూపించేవారు. తొంభై నాలుగు వచ్చేసరికి అలా అడిగేవాళ్ళే కరువయ్యారు.

చిన్న క్యాసెట్టంటే బీటామాక్స్. ఎనభైల మొదట్లో గల్ఫు నుంచీ సింగపూర్ నుంచీ పెట్టెల్లో దిగిన వీడియో డెక్కుల్లో చాలా వాటికి ఆ క్యాసెట్టే పట్టేది. చేతిలో ఇమిడేది, బొమ్మ స్పష్టంగా ఉండేది. అయితే అద్దెకు సినిమాలిచ్చే లైబ్రరీలవాళ్ళు ఒక్కొక్కరే పెద్ద క్యాసెట్టుకు, అంటే వీహెచ్ఎస్‌కు మారిపోయారు. లైబ్రరీలో దొరకని క్యాసెట్టుకు ఇంట్లో డెక్కెందుకని జనం కూడా మారారు. బీటా డెక్కులు అటకలెక్కాయి.

భూషణం దగ్గర మాత్రం ఒకటి ఎప్పుడూ నడిచే స్థితిలో ఉండేది. మూలపడ్డ మూడు డెక్కులను విప్పి, వాటి బెల్టులూ చక్రాలూ దీనికి వేస్తూ, వారానికోసారి దుమ్ము తుడిచి, టేపు చదివే హెడ్డు శుభ్రం చేసి పెట్టుకునేవాడు.

"గిరాకి లేనిదానికి గింత సేవ ఎందుకయ్యా? దాని జాగల ఇంకో టీవీ పెట్టుకోరాదు?" అనేది భార్య సారలమ్మ.

"ఎవలన్న వస్తరు" అనేవాడు.

ఎవరు రావాలో అతనికి తెలుసు. ఆ మాట పైకి అనలేదంతే.

జనగామ దగ్గరి పల్లె నుంచి డెబ్భై తొమ్మిదిలో వచ్చి, నాచారం పారిశ్రామికవాడలో రేడియో సామాను చేసే ఒక చిన్న కంపెనీలో చేరాడు భూషణం. అయిదేళ్ళు స్క్రూలు బిగించాడు, టంకం వేశాడు. ఎనభై నాలుగులో అక్క మొగుడు ఉప్పలయ్య షార్జా నుంచి సెలవుకొస్తూ ఒక వీడియో కెమెరా తెచ్చాడు.

"కంపెనీల ఎన్నొద్దులు కూసుంటవ్ రా? ఇది భుజానికెత్తు. పెండ్లిళ్ళకు తిరుగు. ఉప్పల్‌ల ఎవ్వని దగ్గర లేదు" అన్నాడు.

"నాకు ఫోటో తీసుడే రాదు బావా."

"ఫోటో తీసుడు రానోనికే ఇది. బటన్ ఒత్తు, పెండ్లి దిక్కు చూపెట్టు. అయిపాయె."

బావ చెప్పినంత తేలిక కాదని మొదటి నెలలోనే తెలిసింది. ఆ కెమెరాకు తీయడం ఒక్కటే వచ్చు. తీసింది చూపించడం రాదు. టేపును వెనక్కి తిప్పడం కూడా రాదు. కన్ను పెట్టే గాజులోంచి ఎదుట ఉన్నది కనిపిస్తుందే తప్ప టేపు మీద ఏం పడిందో తెలియదు. క్యాసెట్టు తీసి ఎవరింట్లోనో డెక్కులో వేసి చూసుకున్నప్పుడే సంగతి తేలేది. భూషణానికి సొంత డెక్కు లేదు. అందుకని పెళ్ళివారికిచ్చిన క్యాసెట్టును పెళ్ళివారితో పాటే, ఊపిరి బిగబట్టుకుని చూసేవాడు. అయినా ఏడాదిలో చేయి కుదిరింది. నాచారం కాలనీల్లో పెళ్ళి కుదిరితే పురోహితుడి తరవాత అతనికే కబురొచ్చే రోజులు వచ్చాయి.

అటువంటప్పుడు ఎనభై ఐదు మే నెలలో జనార్ధనరావు గారి పెద్దమ్మాయి ఉమ పెళ్ళి జరిగింది. ఆయన ప్రభుత్వరంగ కంపెనీ ఒకదానిలో ఆఫీసు సూపరింటెండెంటు. గుంటూరు వైపు నుంచి వచ్చి నాచారంలో ఇల్లు కట్టుకున్నారు. ఆ పెళ్ళికి భూషణం రెండు కొత్త బీటా క్యాసెట్లు కొన్నాడు. ఒకటి ఐదువందల అంకె వేసినది, ఇంకొకటి ఏడువందల యాభైది. ఆ అంకెలు లోపలి టేపు పొడవు, అడుగుల్లో. ఐదువందలది రెండు గంటల పది నిమిషాలు వస్తుంది. ఏడువందల యాభైది మూడుంబావు గంటలు. పొద్దున ముహూర్తానికి పెద్దది, సాయంత్రం విందుకు చిన్నది అనుకున్నాడు.

పెళ్ళయ్యాక రెండు క్యాసెట్ల మీదా అలవాటు ప్రకారం శుభలేఖ కత్తిరించి అతికించాడు. పైన గణపతి, కింద వధూవరుల పేర్లు. అది అతని ప్రత్యేకత. వేరే కెమెరావాళ్ళు పెన్నుతో రాసి ఇచ్చేవారు. ఆ రంగు కాగితం కింద కంపెనీ అంకె కనిపించకుండా పోయేది.

జనార్ధనరావు ఇంట్లో డెక్కు లేదు. పక్కింటి గంగాధరరావు గారికి ఉంది. ఆయన అదే కంపెనీలో ఇంజనీరు. శిక్షణకు జపాను వెళ్ళి వస్తూ తెచ్చుకున్నాడు. శుక్రవారం సాయంత్రం భూషణం క్యాసెట్లు తెచ్చి ఆయన చేతికే ఇచ్చాడు. ఆదివారం పొద్దున ఆ హాల్లో పాతికమంది కూర్చున్నారు. ఆ పూట ఇంకో పెళ్ళి ఉండి భూషణం వెళ్ళలేకపోయాడు.

గౌరీపూజ వచ్చింది, జీలకర్రా బెల్లం వచ్చింది. పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు. పళ్ళెంలో మంగళసూత్రాలు ముత్తయిదువల చేతులు తాకుతూ తిరిగాయి. సరిగ్గా అప్పుడు డెక్కు టక్కుమని ఆగి, తెర మీద చుక్కలు పడి, టేపు దానంతటదే వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం భూషణాన్ని పిలిపించారు. నిలబెట్టి మళ్ళీ వేసి చూపించారు. మళ్ళీ అక్కడే ఆగింది.

"తాళేదయ్యా?" అంది ఉమ తల్లి శ్యామలాదేవి. "పెళ్ళంతా తీసి తాళి వదిలేస్తావా? దీన్ని పెళ్ళి క్యాసెట్టంటారా, పేరంటం క్యాసెట్టంటారా?"

"తీసిన అమ్మా. మండపం పక్కన పీట మీద నిలబడి తీసిన."

"టేపు అయిపోయాక తీసి ఉంటావు" అన్నాడు గంగాధరరావు, డెక్కు వైపు చూస్తూనే. "టేపు చివరికొస్తేనే మిషన్ ఇలా ఆగి వెనక్కి తిరుగుతుంది. రెండు గంటల క్యాసెట్టు పెట్టినట్టున్నావు."

ఇంజనీరు చెప్పిన మాట. భూషణానికి కెమెరా పట్టుకోవడం తెలుసు గానీ డెక్కు కడుపులో ఏముందో అప్పటికి తెలియదు. పైగా ఆ మాట వినగానే పొద్దున సంచిలోంచి ఏ క్యాసెట్టు తీశాడో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు. సాయంత్రం విందు గంటన్నరే కనుక రెండో క్యాసెట్టును బట్టి కూడా తేలదు. గణపతి కాగితం కొంచెం పీకి చూస్తే అంకె కనిపించేది. అతను పీకలేదు. ఐదువందలు అని కనిపిస్తే పాతికమంది ముందు ఏం చేయాలో తెలియక చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

కాలనీలో మాట ఆగదు కదా. శ్యామలాదేవి ప్రతి పేరంటంలోనూ చెప్పింది. పెళ్ళిళ్ళ కబుర్లు ఆగిపోయాయి. హోటల్లో చాయ్ పోస్తుంటే, "జర నిండుగ పొయ్యి, తాళి టైంకు అయిపోతదేమో, భూషణమన్న వచ్చిండు" అని నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఆరు నెలలకు కెమెరా తిరిగిచ్చేశాడు. ఉప్పలయ్య దాన్ని మల్కాజిగిరిలో ఎవరికో అమ్మాడు. భూషణం కోఠీలో డెక్కులు బాగుచేసే షాపులో పనికి కుదిరి, నాలుగేళ్ళు నేర్చుకుని, ఎనభై తొమ్మిదిలో ఉప్పల్‌లో ఈ గది తీసుకున్నాడు.

బతుక్కేం లోటు రాలేదు. ఒక్క ప్రశ్న మాత్రం ఉండిపోయింది. ఆ పొద్దున పెట్టింది ఐదువందలదా, ఏడువందల యాభైదా? ఐదువందలదైతే తప్పు తనదే, ఇక దాని గురించి ఆలోచించాల్సింది లేదు. ఎనభై ఎనిమిదిలో ఒకసారి గంగాధరరావు ఇంటి గేటు దాకా వెళ్ళాడు, అక్కడే ఉండిపోయిన క్యాసెట్టు ఒక్కసారి చూపించమని అడుగుదామని. గేటు మీద చేయి వేసి, లోపల ఎవరో దగ్గితే, తిరిగి వచ్చేశాడు.

తొంభై నాలుగు జూన్‌లో ఒక మధ్యాహ్నం ఉమ దుకాణం మెట్టెక్కింది.

"ఇది బీటా క్యాసెట్టండీ. వీహెచ్ఎస్ మీదికి ఎక్కిస్తారా?"

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. గణపతి బొమ్మ రంగు వెలిసిపోయింది. పేర్లు చదవాల్సిన పని లేకపోయింది భూషణానికి.

"ఎక్కిస్త అమ్మా. ఇన్ని రోజులు మీ ఇంట్లనే ఉండెనా?"

"మాకు డెక్కే లేదు కదండీ. గంగాధరరావు అంకుల్ వాళ్ళింట్లోనే ఉండేది. వాళ్ళది పాడైందిట, మొన్న తెచ్చిచ్చారు. మావారికి ఇప్పుడు బోనస్ వస్తే వీహెచ్ఎస్ కొన్నాం." కొంచెం ఆగి అంది, "ఇందులో తాళి కట్టేది లేదులెండి. తీసినతను చిన్న టేపు పెట్టాడట. ఉన్నంతవరకూ ఎక్కించండి చాలు."

భూషణం రసీదు పుస్తకం తీశాడు. ఆమె పేరు రాశాడు, మల్కాజిగిరి రైల్వే క్వార్టర్ల నంబరు రాశాడు, కింద తన సంతకం చేశాడు. ఆమె రసీదు తీసుకుని సంతకం చదివి తలెత్తింది.

"భూషణం అంటే... మీరేనా?"

"నేనేనమ్మా."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఎప్పటి సంగతో లెండి. నేనేదో మాటవరసకు..."

"ఫికర్ లేదమ్మా. ఆదివారం మీ నాన్నగారింటికే తెచ్చి ఇస్త."

ఆమె వెళ్ళాక క్యాసెట్టును బల్ల మీద అలాగే ఉంచి, రెండు రేడియోలు బాగుచేశాడు. సారలమ్మ అన్నం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టబోయి ఆగింది.

"గీ గణపతి నువ్వు కత్తిరిచ్చిందే గదా?"

"ఊఁ."

"ఆ పెండ్లిదేనా?" అతను తల ఊపాడు. "మరి పీకు. తొమ్మిదేండ్లు కాబట్టె. రాత్రుళ్ళు పక్కమీద ఐదువందలా ఏడువందలా అని నువ్వు గొణిగేది నేనే గద విన్నది."

"పరాయోళ్ళ క్యాసెట్టు. కార్డు చినుగుతది."

"చినిగితె నేను అతికిస్త. నువ్వు పీకకుంటె నేను పీకుత."

ఆమె అన్నంతపనీ చేసింది. కొంగు తడిపి కాగితం అంచు మీద అద్ది, నాని మెత్తబడ్డాక గోటితో పొర పొరగా లేపింది. కాగితం కింద మొదట ఒక ఏడు కనిపించింది. భూషణం కుర్చీ జరుపుకుని ముందుకు వంగాడు. ఏడువందల యాభై.

"ఏందయ్యా, మంచిదా చెడ్డదా?" అంది సారలమ్మ.

"పెద్దదే పెట్టిన" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "మూడుంబావు గంటలది. మరి రెండు గంటలకు ఎట్ల ఆగింది?"

అన్నం తినలేదు. డెక్కు పైమూత తీసి, క్యాసెట్టు వేసి, మీట నొక్కాడు. క్యాసెట్టు మూత లేచి, డెక్కు లోపలి గుండ్రటి పళ్ళెం టేపును బయటికి లాక్కుని డ్రమ్ము చుట్టూ చుట్టింది. డ్రమ్ము సెకనుకు ఇరవై అయిదు సార్లు తిరుగుతూ ఉంటే, దాని అంచున ఉన్న రెండు హెడ్లు మెల్లగా పాకే టేపును ఏటవాలుగా తాకుతూ పోతాయి. ఒక్కో తాకుడుకూ టేపు మీద ఒక్కో గీత. ఆ గీతలే బొమ్మ. భూషణం రోజూ చూసేదే అయినా ఆవేళ తెర వైపు కాకుండా టేపు వైపే చూస్తూ కూర్చున్నాడు. సారలమ్మ తెర చూస్తూ, ఎవరి చీర ఏ రంగో చెబుతూ పోయింది.

రెండు గంటలు దాటాక పళ్ళెంలో మంగళసూత్రాలు వచ్చాయి. డెక్కు టక్కుమంది. వెనక్కి తిరగడం మొదలుకాకముందే కరెంటు తీసేశాడు. టేపును జాగ్రత్తగా చేత్తో సడలించి, క్యాసెట్టు బయటికి తీసి, కిటికీ వైపు వెలుగులో పట్టుకున్నాడు. అవతలి చక్రం మీద ఆడాల్సిన టేపు ఇంకా వేలి మందం ఉంది.

మూత ఎత్తి, పెన్సిల్‌తో కొద్దిగా లాగాడు. నల్లటి టేపు మధ్య, గోరంత వెడల్పున, వెండిరంగు పట్టీ ఒకటి మెరిసింది.

"అయ్యో" అన్నాడు.

"ఏమాయె?"

"టేపు తెగింది. ఎవరో అతికిచ్చిన్రు. మస్తు మంచిగ అతికిచ్చిన్రు." సూది మొనతో పట్టీ అంచు చూపించాడు. "చిన్న క్యాసెట్టుల టేపుకు రెండు కొసలకు గిట్లాంటి వెండి పట్టీ కంపెనీయే పెడ్తది. డెక్కుల ఈడ లోహం జాడ పట్టే ఒక కాయిల్ ఉంటది. ఆ పట్టీ దాని పక్కకు వచ్చిందంటే, టేపు అయిపోయిందని డెక్కుకు తెలుస్తది. ఆగుతది. ఎనకకు తిరుగుతది. ఇది నడిమిట్ల పెట్టిన్రు. డెక్కుకు ఏమెరుక, నడుమనో కొసనో."

సారలమ్మ కాసేపు ఆ పట్టీని చూసింది. "గీ గోరంత దానికా?" అంది.

ఆ పట్టీ ఏమిటో కూడా భూషణానికి తెలిసింది. వెనక జిగురున్న అల్యూమినియం టేపు. మామూలు బజార్లో దొరకదు. రేడియో కంపెనీలో పనిచేసినప్పుడు వైర్ల మీద అదే చుట్టేవాడు. నాచారంలో కంపెనీల్లో పనిచేసేవాళ్ళ దగ్గరే ఉంటుంది. శుక్రవారం ఇచ్చిన క్యాసెట్టు, ఆదివారం ఆడించిన క్యాసెట్టు. ఆ రెండు రోజులూ అది ఎవరింట్లో ఉందో అతనికి తెలుసు. అయినా తెలుసనుకోలేదు. అడగాలి అనుకున్నాడు.

ముందు పట్టీ ఊడదీసి, తెగిన కొసలను సమంగా కోసి, వెనక వైపు నుంచి పల్చటి అతుకు టేపు వేశాడు. మళ్ళీ ఆడించాడు. అతుకు దగ్గర బొమ్మ ఒక్క క్షణం చెదిరి కుదుటపడింది. పెళ్ళికొడుకు వంగాడు. ఉమ జడ ఎవరో పక్కకు తీశారు. మూడు ముళ్ళూ పడ్డాయి. పురోహితుడి భుజం కొంత అడ్డొచ్చింది. అక్షింతలు తెరంతా కురిశాయి.

"నీ చెయ్యి జర వణికింది" అంది సారలమ్మ.

"అక్షింతలు కండ్లల్ల పడ్డయి" అన్నాడు. తరవాత అన్నం డబ్బా తీసుకుని, చల్లబడ్డ అన్నం మొత్తం తిన్నాడు.

శనివారం సాయంత్రం స్కూటర్ మీద నాచారం వెళ్ళాడు. ఈసారి గేటు తీసుకుని లోపలికి నడిచాడు. గంగాధరరావు రిటైరై రెండేళ్ళయింది. వరండాలో పేపరు చదువుతున్నాడు.

"ఎవరూ?"

"భూషణాన్ని సార్. ఉమమ్మ పెండ్లికి వీడియో తీసినోణ్ణి."

"ఓ. కూర్చో, కూర్చో." ఆయన పేపరు మడిచాడు. భూషణం జేబులోంచి పొట్లం తీసి, విప్పి, పట్టీని పేపరు మీద పెట్టాడు.

"ఏమిటిది?"

"ఆ పెండ్లి టేపు మీద ఉండె సార్."

గంగాధరరావు కళ్ళజోడు సర్దుకుని, పట్టీని వేలి మీదికి తీసుకుని తిప్పి చూశాడు. "ఊడలేదే" అన్నాడు. "తొమ్మిదేళ్ళయినా అంచు లేవలేదు చూడు." అని, నోట్లోంచి వచ్చిన మాట తనకే వినపడినట్టు ఆగిపోయాడు.

వీధిలో కూరగాయల బండివాడు రెండు ఇళ్ళు దాటి వెళ్ళేంతవరకూ ఆ బండి వైపే చూశాడు.

"ఆ శుక్రవారమే ఒకసారి వేసి చూద్దామనుకున్నాను" అన్నాడు ఆయన. "ఆదివారం పాతికమంది వస్తారు కదా, ముందే సరిచూసుకోవాలని. మధ్యలో కరెంటు పోయింది. గంట దాటినా రాలేదు. మూత తీసి క్యాసెట్టు చేత్తో లాగాను. ఈ బీటా ఉంది చూశావూ, ఆపినా టేపు లోపలికి పోదు, డ్రమ్ముకు చుట్టుకునే ఉంటుంది. పట్టుకుని తెగింది. వాళ్ళ పిల్ల పెళ్ళి టేపు తెంపానని ఎలా చెప్పను? అతికించాను."

"అల్యూమినియంతోనే ఎందుకు సార్?"

"కంపెనీవాడు టేపు మొదట్లో అదే వాడాడు కదయ్యా. టేపును వెనక్కి తిప్పి చూశాను. మొదట్లో వెండి పట్టీ ఉంది. అతుకులకు వాడే సరుకు అదే అనుకున్నాను. అటువంటిదే వెతికి పెట్టాను." గొంతులో ఇంకా కొంచెం వాదన ఉంది.

"అది అతుకు కాదు సార్. టేపు అయిపోయిందని డెక్కుకు చెప్పే గుర్తు."

గంగాధరరావు పట్టీ వంక చూశాడు. ఆయనకు అంతకంటే చెప్పాల్సిన పని లేదు. లోపల కాయిల్ ఎక్కడుంటుందో, పట్టీ దాని ముందుకొస్తే ఏమవుతుందో ఆయన ముఖంలోనే తెలిసిపోయింది.

"వీహెచ్ఎస్ పెద్ద క్యాసెట్టుకు కొసల టేపు గాజులెక్క ఉంటది. దీపం వెలుగు అందులకెళ్ళి దాటితె ఆగుతది" అన్నాడు భూషణం. "అదైతే మీ అతుకు పనిచేస్తుండె సార్."

"ఆగినప్పుడు నిజంగా నీ టేపే అయిపోయిందనుకున్నాను."

"అతికిచ్చేటప్పుడు అవతలి చక్రం మీద ఎంత టేపుందో సూడలేదా సార్?"

ఆయన పట్టీని తిరిగి పేపరు మీద పెట్టి, "చూశాను" అన్నాడు.

భూషణం లేచాడు. "రేపు పొద్దుగాల జనార్ధనరావు సార్ ఇంట్ల ఆడిస్తున్న. తాళి ఉంది సార్. అంతా ఉంది."

"వాళ్ళకు నా పేరు చెప్పావా?"

"లేదు సార్. ఎవరతికిచ్చిన్రో నాకు నిజంగ ఎరుకలేకుండె. ఇప్పుడు మీరే చెప్పిన్రు."

వీహెచ్ఎస్ మీదికి ఎక్కించడం తరవాత చూసుకోవచ్చనుకుని, మర్నాడు ఆటోలో బీటా డెక్కును మెత్తటి దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడు. జనార్ధనరావు, శ్యామలాదేవి, ఉమ, ఆమె భర్త ఉన్నారు. గంగాధరరావు ఆఖరున వచ్చి గుమ్మం దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇక్కడిదాకా మాకు కంఠతా వచ్చులే నాయనా" అంది శ్యామలాదేవి, పళ్ళెం తిరుగుతుంటే. ఆమె కాఫీ కలపడానికి లేవబోయింది. తెర ఆగలేదు. లేవబోయినదల్లా అలాగే నిలబడిపోయింది.

"అమ్మా, చూడు, చూడు!" అంది ఉమ.

మూడు ముళ్ళూ పడ్డాయి. తరవాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. జనార్ధనరావు అక్షింతలు వేస్తున్న తన చేతిని చూపించి, అప్పటి వాచీ గురించి ఏదో అన్నాడు. శ్యామలాదేవి కళ్ళు తుడుచుకుంది. ఉమ భర్త, "నేనింత సన్నగా ఉండేవాణ్ణా?" అన్నాడు. "పెళ్ళిలో ఒక్కరోజే" అంది ఉమ.

"అయితే అప్పుడెందుకు ఆగిందయ్యా?" అన్నాడు జనార్ధనరావు, భూషణం వైపు తిరిగి.

భూషణం చెప్పాడు. టేపు తెగడం, వెండి పట్టీ, కాయిల్. ఎవరి పేరూ లేకుండా చెప్పాడు.

"ఎవరతికించారు మరి?"

భూషణం డెక్కు మీద చేయి వేసి దాని బటన్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. తెర మీద తలంబ్రాలు మొదలయ్యాయి.

"నేనే జనార్ధనం" అన్నాడు గంగాధరరావు గుమ్మం దగ్గర నుంచి. "మీకు వేసి చూపించకముందే నా చేతిలో తెగింది. నేనే అతికించాను. ఇతని తప్పేం లేదు. అవతల టేపు ఉందని కూడా నాకు తెలుసు. చెప్పలేదు."

జనార్ధనరావు కుర్చీ తిప్పుకుని గుమ్మం వైపు చూశాడు. శ్యామలాదేవి అంది. "తొమ్మిదేళ్ళు అన్నయ్యగారూ! వారానికి రెండుసార్లు ఆ కుర్చీలోనే కూర్చుని కాఫీ తాగారు. నేను ఈ అబ్బాయిని తిట్టిన ప్రతిసారీ మీరు ఇక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

"ఎంతమందికి చెప్పాను నేను! కాలనీ అంతా చెప్పాను. ఇప్పుడు వాళ్ళందరికీ ఎవరు చెబుతారు?"

"నేను చెబుతానమ్మా. ఇంటింటికీ వెళ్ళి చెబుతాను."

"ఏ ఇంటికెళ్ళి చెబుతారు? సగం మంది బోడుప్పల్లో, చెంగిచెర్లలో ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళకు మన ఉమ పెళ్ళే గుర్తుండదు." ఆమె భూషణం వైపు తిరిగింది. "నిన్ను పేరంటం క్యాసెట్టని కూడా అన్నాను కదూ."

"అన్నరమ్మా."

"ఏమీ అనుకోకు అనడానికి కూడా లేదు."

"అనుకున్నమ్మా అప్పట్ల. ఇప్పుడు లేదు" అన్నాడు భూషణం.

ఆమె వంటింట్లోకి వెళ్ళి కాఫీ తెచ్చింది. మొదటి గ్లాసు భూషణం పక్కన, డెక్కు తగలకుండా నేల మీద పెట్టింది. ఆఖరిది తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, గంగాధరరావు చేతికిచ్చింది.

"ఇంకా ఎంతుందండీ?" అంది ఉమ.

"గంట ఉంటదమ్మా."

"ఆపకండి."

ఆ గంట ఇంతవరకూ ఎవరూ చూడనిది. తీసినవాడు కూడా చూడలేదు. తలంబ్రాలు అయ్యాయి, సప్తపది అయింది. బంతిలో భోజనాలకు కూర్చున్న వరసలు వచ్చాయి. చూస్తున్నవాళ్ళు తెర మీద తమను చూసుకుని నవ్వుతున్నారు. బంధువుల పేర్లు చెప్పుకుంటున్నారు. గంగాధరరావు కూడా ఒకసారి కనిపించాడు, పులిహోర వడ్డిస్తూ.

భూషణం కాఫీ చల్లారుతున్న సంగతి మరిచి తెర చూస్తున్నాడు. అప్పగింతల దగ్గర కెమెరా ఉమ మీదే ఉండిపోయింది. తల్లి ఆమె చేతులు పట్టుకుని ఏదో చెబుతోంది, కానీ తల్లి ముఖం తెర అంచు బయటే ఉంది. భుజం, చెవి దుద్దు, అంతే. ఇక్కడ తప్పు చేశాను అనుకున్నాడు భూషణం. ఇంకొక్క అడుగు ఎడమకు జరిగి ఉంటే ఇద్దరూ బొమ్మలో పడేవారు.